వలకర్ర ఆట: ఎలా ఆడతారు, ఎవరిని ఆడనిస్తారు

2023 అక్టోబరు 16న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ముంబయిలో సమావేశమై, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌కు చోటిచ్చింది. మనలో చాలామందికి గుర్తున్నది ఆ ఒక్క సంగతే. అదే తీర్మానంలో మరో నాలుగు ఆటలున్నాయి: బేస్‌బాల్–సాఫ్ట్‌బాల్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, స్క్వాష్, లాక్రోస్. ఆ చివరి పేరు దగ్గర మేమూ ఒక్క క్షణం ఆగాం. కర్ర కొసకు చిన్న వల కట్టుకుని పరిగెత్తుతారే, ఆ ఆటేనా? అవును, అదే.

ఈ వారం ఆ ఆట నియమాలు చెప్పుకుందాం. దీనికి రెండు కారణాలున్నాయి. 2028లో మన పిల్లలు క్రికెట్ కోసం టీవీ పెడతారు, పక్క చానల్లో ఇది కనిపిస్తుంది. 'వాళ్లు బంతిని చేత్తో ఎందుకు తీసుకోరు సార్?' అని అడిగితే చెప్పగలగాలి. రెండో కారణాన్ని కాస్త ఆగి చెబుతాం. అది మైదానం లోపలి నియమం కాదు, గేటు దగ్గరి నియమం.

పేరు సంగతి

యానాం పెద్దల్లో బడిలో ఫ్రెంచి చదువుకున్నవారికి ఈ పేరు వినగానే తెలిసిపోతుంది. లా క్రోస్. 'లా' ఫ్రెంచిలో స్త్రీలింగ నామం ముందు వచ్చే మాట. 'క్రోస్' అంటే కొస వంగిన కర్ర. 1630ల్లో ఇప్పటి కెనడా ప్రాంతానికి వెళ్లిన ఫ్రెంచి మతగురువులు అక్కడి హ్యూరన్ ప్రజలు ఆడుతున్న ఆటను చూసి, తమకు తెలిసిన మాటతో రాసుకున్నారు. ఆడేవాళ్లకు మాత్రం ఎవరి పేరు వాళ్లకుంది. ఒజిబ్వే జాతివారు బగ్గటవే అన్నారు, మోహాక్ జాతివారు తెవారాతోన్ అన్నారు. లోకానికి మిగిలింది చూసినవాళ్లు పెట్టిన పేరు. ఇప్పుడు అమెరికా కాలేజీల్లో ఏటా ఉత్తమ లాక్రోస్ క్రీడాకారుడికీ, క్రీడాకారిణికీ ఇచ్చే బహుమతికి మోహాక్ మాటనే పేరుగా పెట్టారు. అంతవరకు నయం.

తెలుగులో దీనికి పేరు లేదు. మేము కర్రను వలకర్ర అంటున్నాం. జాలికర్ర అందామనుకున్నాం కానీ, జాలి అనగానే పిల్లలు దయాదాక్షిణ్యాల వైపు వెళ్లిపోతారు. మీ తరగతిలో ఇంకా మంచి మాట దొరికితే అదే వాడండి.

కర్ర, బంతి, క్రీజు

ఆట మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: బంతిని చేత్తో ముట్టుకోకుండా, వలకర్రతోనే తీసి, మోసి, విసిరి, అందుకుని, ఎదుటి జట్టు గోలులో వేయాలి. హాకీలో బంతి నేల మీద దొర్లుతుంది. ఇక్కడ గాలిలో ప్రయాణిస్తుంది. కాలితో తన్నడానికి అభ్యంతరం లేదు. చెయ్యి మాత్రం తగలకూడదు. ఒక్క గోల్ కీపర్‌కే, అదీ తన వలయంలో ఉన్నంతసేపే, చేత్తో బంతిని అడ్డుకునే వీలుంది. అడ్డుకోవచ్చు, పట్టుకోకూడదు.

బంతి గట్టి రబ్బరుది. పరిమాణంలో దాదాపు టెన్నిస్ బంతి అంత ఉంటుంది, బరువు 142 నుంచి 149 గ్రాములు. అంటే క్రికెట్ బంతికి కాస్త తక్కువ. పురుషుల ఆటలో మామూలు కర్ర మీటరు పొడవుంటుంది. రక్షకుల పొడవు కర్ర 1.8 మీటర్ల దాకా ఉండొచ్చు. ఒకప్పుడు కర్రనంతా హికరీ అనే చెట్టు కలపను ఆవిరి పట్టి వంచి చేసేవారు. 1970 నుంచి వల బిగించే తలభాగం ప్లాస్టిక్‌దైంది.

వలలో బంతిని ఊరికే పెట్టుకుని పరిగెత్తితే జారి పడిపోతుంది. అందుకే ఆటగాడు కర్రను మణికట్టుతో అటూ ఇటూ ఊపుతూ పరిగెత్తుతాడు. ఆ ఊపులో బంతి వలకు అతుక్కున్నట్టు ఉండిపోతుంది. నీళ్ల చెంబును వేగంగా గుండ్రంగా తిప్పితే నీళ్లు ఒలకవు కదా, కిటుకు అదే. ఇంగ్లిషులో దీన్ని క్రేడిల్ చేయడం అంటారు. క్రేడిల్ అంటే ఊయల. మన భాషలోకి ఇంత చక్కగా ఒదిగే క్రీడామాట అరుదు. 'బంతికి ఊయలూపు' అంటే ఆరో తరగతి పిల్లకు ఇంకేమీ విడమరచక్కర్లేదు.

గోలు 1.83 మీటర్ల చదరం, అంటే ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. దాని చుట్టూ గీసిన వలయాన్ని క్రీజు అంటారు. క్రికెట్ క్రీజుతో కలపకండి. అక్కడ బ్యాటర్ క్రీజులో ఉంటేనే క్షేమం, ఇక్కడ దాడిచేసే జట్టువాళ్లు అందులో కాలు పెట్టకూడదు. ఇంకో ముఖ్యమైన తేడా: గోలు మైదానం చివరి గీత మీద ఉండదు, చాలా ముందుకు ఉంటుంది. గోలు వెనక కూడా ఆట నడుస్తుంది. వెనక నుంచి బంతి అందించి ముందున్నవాడితో గోలు కొట్టించడం ఈ ఆటలో అందమైన ఎత్తు. ఫుట్‌బాల్ కళ్లతో చూసేవారికి మొదట్లో తికమక పెట్టేదీ ఇదే.

పదిమంది ఆట

పెద్ద మైదానంలో ఆడే పురుషుల ఆటలో జట్టుకు 10 మంది: గోల్ కీపర్ ఒకరు, రక్షకులు ముగ్గురు, మధ్యవాళ్లు ముగ్గురు, దాడివాళ్లు ముగ్గురు. మైదానం పొడవు 110 గజాలు, వెడల్పు 60 గజాలు. ఆట మొదట్లోనూ ప్రతి గోలు తర్వాతా మధ్యలో ఇద్దరు ఎదురెదురుగా వంగి కూర్చుంటారు, బంతి నేల మీద వాళ్ల కర్రల మధ్య ఉంటుంది, ఈలతో పోటీ మొదలు. దీన్ని ఫేస్‌ఆఫ్ అంటారు.

ఆఫ్‌సైడ్ అనగానే ఫుట్‌బాల్‌లోలా తలనొప్పి అనుకోకండి. ఇక్కడ అది వట్టి లెక్క. ప్రతి జట్టూ ఎప్పుడూ తన సగంలో కనీసం నలుగురిని, ఎదుటి సగంలో కనీసం ముగ్గురిని ఉంచాలి. నలుగురిలో గోల్ కీపర్ కూడా లెక్కే. మధ్యవాడు ఒకడు బంతితో ముందుకు దూసుకెళ్లాలంటే ఇంకొకడు వెనక ఆగాలి.

బంతి గీత దాటితే ఎవరి వల్ల దాటిందో చూసి ఎదుటి జట్టుకు ఇస్తారు. ఒక్క మినహాయింపు ఉంది, పిల్లలకు ఇది మహా నచ్చుతుంది. గోలు మీదికి కొట్టిన బంతి గురితప్పి బయటికి పోతే, అది గీత దాటే క్షణంలో దానికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ల జట్టుదే బంతి. అందుకే కొట్టినవాడు తప్పిపోయిందని తల పట్టుకుంటుంటే, వాడి జట్టువాడు ఒకడు అప్పటికే చివరి గీత వైపు పరిగెత్తుతుంటాడు.

పురుషుల ఆటలో ఒళ్లు తగలడం ఆటలో భాగమే. బంతి ఉన్నవాడిని ముందు నుంచి, మెడకు కింద, నడుముకు పైన భుజంతో ఢీకొనవచ్చు. వాడి కర్రనూ, కర్ర పట్టుకున్న తొడుగు చేతినీ కర్రతో తట్టి బంతి పడగొట్టవచ్చు. వెనక నుంచి తోస్తే, తలకు తగిలిస్తే, కాలు అడ్డం పెడితే శిక్ష. చిన్న తప్పుకు 30 సెకన్లు, పెద్ద తప్పుకు 1 నుంచి 3 నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపూ జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. హెల్మెట్, చేతి తొడుగులు, భుజాల రక్షణ, నోటి రక్షణ లేనిదే లోపలికి రానివ్వరు.

అమ్మాయిల ఆట వేరు

అమ్మాయిల ఆట ఇదే ఆటకు మెత్తని రూపం అనుకుంటే పొరపాటు. నియమాల వెనక ఆలోచనే వేరు. ఇందులో ఒంటితో ఢీకొనడం లేదు. వల లోతు తక్కువ, కాబట్టి బంతిని నిలబెట్టడానికి నైపుణ్యం ఎక్కువ కావాలి. ప్రతి క్రీడాకారిణి తల చుట్టూ ఏడు అంగుళాల మేర కనిపించని బుడగ ఒకటి ఉన్నట్టు లెక్క. అందులోకి ఎదుటివాళ్ల కర్ర రాకూడదు. గోలు కొట్టబోతున్నవారికీ గోలుకూ మధ్య దారిలో, ఎవరినీ కాపు కాయకుండా ఊరికే నిలబడినా తప్పే. బంతి తగిలే ప్రమాదం అడ్డం నిలబడినవారికే కదా. కళ్లకు గాగుల్స్, నోటికి రక్షణ తప్పనిసరి. చాలాకాలం జట్టుకు 12 మంది ఆడేవారు, ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో 10.

ఈ ఆట ఒక బడిలో పుట్టిందని మా పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న సెయింట్ లెనర్డ్స్ అప్పట్లో ఆడపిల్లల బడి. ప్రధానోపాధ్యాయురాలు లూయిసా లమ్స్‌డెన్ ఉత్తర అమెరికాలో ఈ ఆట చూసి ముచ్చటపడి బడికి తెచ్చారు. 1890లో అక్కడ అమ్మాయిలు తొలి ఆట ఆడారు. ఆ బడిలోనే చదివిన రోజాబెల్ సింక్లెయిర్ 1926లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక బాలికల బడిలో దీన్ని నేర్పారు. అక్కడి నుంచి ఆ దేశమంతా పాకింది. ఇద్దరు పంతులమ్మల పని ఇది.

ఒలింపిక్స్‌లో ఆరుగురే

2028లో మనం చూడబోయేది పదిమంది ఆట కాదు. దాన్ని కుదించి 2021లో ప్రకటించిన సిక్సెస్ అనే రూపం. క్రికెట్‌కు ట్వంటీ20 ఎలాగో దీనికి ఇదలాగ. గోల్ కీపర్‌తో కలిపి మైదానంలో ఆరుగురు, మొత్తం జట్టు 12 మంది. మైదానం 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు. ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు. పొడవు కర్రలు లేవు. ఆరుగురూ దాడి చేయాలి, ఆరుగురూ కాచుకోవాలి.

వేగం రెండు నియమాల వల్ల వస్తుంది. బంతి చిక్కిన జట్టు 30 సెకన్లలో గోలు మీదికి కొట్టాలి, లేదంటే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడికి ఉండేదీ 30 సెకన్లే. మన పిల్లలకు ఆ తొందర కొత్త కాదు. రెండోది, గోలు పడ్డాక మధ్యకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం లేదు. గోలు తిన్న జట్టు కీపర్ వెంటనే బంతిని తీసి ఆటలో వేస్తాడు. ఫేస్‌ఆఫ్ ప్రతి భాగం మొదట్లోనే. సంబరాలకు సమయం ఉండదు. అలసినవాళ్లు ఆట ఆపకుండానే పక్కకు తప్పుకుని తోటివారిని పంపుతారు.

బడిలో ఆడించాలంటే అసలు కర్రలు కొనక్కర్లేదు. పిడి ఉన్న ఖాళీ వంటనూనె క్యాను బాగా కడిగి, అడుగు భాగాన్ని ఏటవాలుగా కోసి, అంచుల చుట్టూ మందపాటి టేపు వేస్తే చేతికి ఒక దోసిలి దొరుకుతుంది. ఫినాయిలు, యాసిడ్ డబ్బాలు మాత్రం వద్దు. టెన్నిస్ బంతి వాడండి. ఖోఖో గీతలే హద్దులు, రెండు కుర్చీల మధ్య ఖాళీ గోలు, దాని ముందు సున్నంతో క్రీజు. వైపుకు ఆరుగురు. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా అమ్మాయిల నియమాలే పెట్టండి: ఢీకొనడం లేదు, తల దగ్గరికి చెయ్యి రాకూడదు. పీఈటీ మాస్టార్లకు ఒక్క మాట: అసలు రబ్బరు బంతిని హెల్మెట్ లేకుండా, 'ఒక్కసారి చూద్దాం' అని కూడా విసిరించవద్దు.

గేటు దగ్గరి నియమం

ఇప్పుడు రెండో కారణం. ఈ ఆటను ప్రాణంగా చూసుకునే జనం హోడెనొషోనీలు. పొడవాటి ఉమ్మడి ఇళ్లలో ఉండే ప్రజలని ఆ పేరుకు అర్థం. బయటివాళ్లు ఇరొక్వా అన్నారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల కూటమి ఇది. ఒక్కో జాతికి ఒక్కో భాష. ఆట సృష్టికర్త ఇచ్చిందని, ఆడితే రోగాలు పోతాయని వాళ్ల నమ్మకం. మగబిడ్డ పుడితే ఊయలలో చిన్న కర్ర పెడతారు, పోయినవాడి పక్కన కర్ర పెట్టి సాగనంపుతారు. ఆ మందు ఆట కర్రను ఆడవాళ్లు ముట్టరాదన్న కట్టుబాటూ ఉంది. ఇప్పుడు వాళ్లకు మహిళల జాతీయ జట్టు ఉంది. మొదట్లో పెద్దలు కొందరు ఒప్పుకోలేదు.

1867లో మాంట్రియల్‌కు చెందిన జార్జ్ బీర్స్ అనే దంతవైద్యుడు ఆటకు నియమాలు రాశారు. ఎంతమంది ఆడాలి, బంతి రబ్బరుది కావాలి వంటివి. అక్కడి దాకా ఇబ్బంది లేదు. 1880లో కెనడా లాక్రోస్ సంఘం డబ్బు తీసుకుని ఆడేవారికి తమ పోటీల్లో చోటు లేదంది. మోహాక్ ఆటగాళ్లు ప్రయాణ ఖర్చులకని డబ్బు తీసుకునేవారు. సెలవు పెట్టి సొంత ఖర్చుతో వెళ్లి ఆడగలిగే ఉద్యోగాలు వాళ్లకెక్కడివి? కాగితం మీద జాతి పేరు లేని ఆ ఒక్క నియమంతో ఆట పుట్టిన ఇంటివాళ్లు బయట నిలబడ్డారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మోహాక్ ఆటగాళ్ల జట్టు మూడో స్థానం తెచ్చుకుంది. ఆ పతకం ఇప్పటికీ కెనడా ఖాతాలోనే ఉంది.

1983లో ఆరు జాతులూ కలిసి సొంత జట్టు కట్టాయి. అందులో ముందున్న పెద్దమనిషి ఒనొండాగా జాతికి చెందిన ఓరెన్ లయన్స్, కాలేజీ రోజుల్లో పేరున్న గోల్ కీపర్. 1990లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు ఆ జట్టు తమ సొంత హోడెనొషోనీ పాస్‌పోర్టుల మీద వెళ్లి వచ్చింది. 2010లో పోటీలు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో. ఆ పాస్‌పోర్టులు చెల్లవని బ్రిటన్ అంది. అమెరికా ప్రభుత్వం ఈ ఒక్కసారికి ఒప్పుకుంటామన్నా బ్రిటన్ ఒప్పుకోలేదు. అమెరికా పాస్‌పోర్టో కెనడా పాస్‌పోర్టో తీసుకుంటే సాయంత్రానికి విమానం ఎక్కేవారే. తీసుకోలేదు. న్యూయార్క్‌లో రోజుల తరబడి ఎదురుచూసి ఇంటికి వెళ్లిపోయారు. అంతకుముందు 2006 పోటీల్లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు అది. తర్వాత 2014, 2018, 2023లో వరసగా మూడుసార్లు మూడో స్థానం తెచ్చుకుంది.

2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో వరల్డ్ గేమ్స్ జరిగాయి. సొంత ఒలింపిక్ కమిటీ లేదని మొదట వీళ్లను పక్కన పెట్టారు. ఐర్లండ్ పురుషుల జట్టు తన చోటు తానే వదులుకుని వీళ్లకు దారిచ్చింది. క్రీడల్లో ఇలాంటివి తరచూ చూడం.

2028 చిక్కు కూడా ఇదే. ఒలింపిక్స్‌లో పురుషులవి ఆరు, మహిళలవి ఆరు జట్లే ఉంటాయి. జాతీయ ఒలింపిక్ కమిటీ ఉన్న దేశాలే జట్టును పంపాలన్నది ఒలింపిక్ నిబంధన. హోడెనొషోనీలు వాళ్ల జెండా కింద ఆడాలని 2023 డిసెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ బహిరంగంగా కోరారు. ఒలింపిక్ కమిటీ జవాబు మారలేదు: కావాలంటే వాళ్ల ఆటగాళ్లు అమెరికా జట్టులోనో కెనడా జట్టులోనో ఆడవచ్చు.

అలా ఆడితే ఏం పోయిందని మా దగ్గరా ఒకరిద్దరు అన్నారు. వారికి అక్వెసాస్నె సంగతి చెప్పాం. మోహాక్‌లు ఉండే ఊరది. కొంత అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, కొంత కెనడాలోని ఒంటారియో, క్యుబెక్ రాష్ట్రాల్లో ఉంది. గీత ఊరి మీదుగా వచ్చింది, ఊరు గీత మీదికి వెళ్లలేదు. చుట్టూ ఒక రాష్ట్రం, తామేమో ఇంకో పాలనలో ఉన్న యానాం వాళ్లకూ, గంజాం, బళ్లారి, హోసూరు వాళ్లకూ ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు అమెరికా, కెనడా ప్రభుత్వాలు నడిపిన బోర్డింగు బడుల్లో ఈ పిల్లలు సొంత భాష మాట్లాడితే దండించేవారు. అక్వెసాస్నెలో తల్లిదండ్రులు 1979లో సొంతంగా బడి పెట్టుకున్నారు. పేరు అక్వెసాస్నె ఫ్రీడమ్ స్కూల్. చదువంతా మోహాక్ భాషలోనే. నేలకు, నీళ్లకు, చెట్లకు, సూర్యచంద్రులకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పే సంప్రదాయ వచనం అక్కడి పాఠ్యప్రణాళికకు పునాది.

ఆ తల్లిదండ్రుల పిల్లల్లో ఎవరైనా 2028 దాకా వస్తే, ఛాతీ మీద ఏ పేరు ఉండాలన్నదే తగువు. హోడెనొషోనీల జెండా ఊదా రంగుది, మధ్యలో తెల్లని చెట్టు, దానికి అటూ ఇటూ రెండేసి తెల్లని చదరాలు, అన్నిటినీ కలుపుతూ ఒక గీత. ఒలింపిక్స్ 2028 జులై 14న మొదలవుతాయి. పిల్లలకు ఆట చూపించేటప్పుడు క్రీజు, 30 సెకన్ల గడియారం చూపించండి. జట్ల వరసలో ఆ ఊదా జెండా ఉందో లేదో కూడా వాళ్లనే వెతకమనండి.